నాలుక సాక్ష్యము: ద్రాక్షాసవ పరీక్షకు శాస్త్రత్వము కలిగిన కథ

చిత్తూరు జిల్లా పడమటి కొసన, కర్ణాటక సరిహద్దునకు చేరువలో రామకుప్పము కలదు. మైసూరు పీఠభూమి అంచున, సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైని ఉన్న ఈ నేలలో చింతచెట్లకు, మామిడి తోటలకు, మల్బరీ చేలకు కొదువ లేదు. ఇక్కడినుండి కోలారు మీదుగా చిక్కబళ్ళాపురమువైపు పోయినచో త్రోవ ప్రక్కలను నల్లద్రాక్ష పందిళ్ళు కానవచ్చును. బెంగుళూరు బ్లూ అని పేరు పొందిన ద్రాక్ష యిది. ఆ సీమలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు పెక్కు కలవు. నందికొండల దిగువన, దొడ్డబళ్ళాపురము వద్ద, కన్వల్ గ్రోవర్ అను ఆయన ఫ్రెంచి నిపుణుడు జార్జి వెస్సెల్ తోడ్పాటుతో 1988లో ఫ్రెంచి ద్రాక్షతీగలను నాటించి, ద్రాక్షాసవమును తయారుచేయు పరిశ్రమకు పునాది వేసెను.

ద్రాక్షాసవమును ఎరిగినవారు దానిని గటగట త్రాగరు. మొదట గ్లాసును వెలుతురుకు పట్టి చూతురు, గుండ్రముగా త్రిప్పుదురు, ముక్కు చేర్చి వాసన పట్టుదురు, ఒక గుక్క తీసికొని నోట పుక్కిలింతురు, పరీక్షకులైనచో దానిని ఉమిసివేయుదురు కూడ. చూచువారికి ఇది కలిగినవారి వేడుకగా తోచవచ్చును. కాని దీని వెనుక రెండువేల యేండ్ల చరిత్ర కలదు. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు. మనిషి నాలుక చెప్పు సాక్ష్యము ఎంతవరకు నమ్మదగినది? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటలోనే రసాయనశాస్త్రము, జీవశాస్త్రము, గణాంకశాస్త్రము కొంత ముందడుగు వేసినవి. ఈ జవాబు తెలియక ప్రాణములు కోల్పోయినవారును కలరు.

ముందుగా ఒక పొరపాటు తొలగవలెను. మన ఊళ్ళలో ‘వైన్స్’ అని బోర్డు కట్టిన అంగడిలో దొరకునవి ఎక్కువగా బ్రాంది, విస్కీ, బీరు మాత్రమే. వైన్ అనగా అసలు అర్థము ద్రాక్షరసము పులియగా ఏర్పడిన ఆసవము. దీనిని బట్టీ పెట్టి దించరు. ఇందు ఆల్కహాలు సామాన్యముగా నూటికి 11 నుండి 14 వంతులు ఉండును. ఈ లెక్కను చూచినచో వైన్‌కు దగ్గరి చుట్టము బ్రాంది కాదు, మన ఈతకల్లే. రెండింటను పనిచేయునది ఈస్టు అను సూక్ష్మజీవియే. ఒకదానిలో చెట్టు నీరా, రెండవదానిలో పండ్లరసము పులియుచున్నది.

ప్రాచీనుల పరిజ్ఞానము

ద్రాక్షాసవమును రకములుగా విభజించి చూచుట మన దేశమునకు క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుడను అధికారి విధులు చెప్పబడినవి. అందు మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని మద్యములు వేరువేరుగా పేర్కొనబడినవి. వీనిలో ద్రాక్షరసముతో చేసినది మధువు. అది పుట్టిన చోటును బట్టి కాపిశాయనము, హారహూరకము అను పేర్లు కలవు. ఊరి పేరే సరకు గుణమునకు గుర్తు అగుట గమనింపదగినది. ఫ్రాన్సులో బోర్డో, బర్గండీ అను పేర్లు నేడు చేయుచున్న పని యిదియే.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు వ్రాసిన పెరిప్లస్ అను గ్రంథము, బరుకచ్ఛ రేవునకు దిగుమతి యగు సరకులలో ద్రాక్షాసవమును చేర్చినది. ఇటలీది మేలైనదిగా ఎంచబడెననియు, లవొదికేయ, అరేబియా సరకును వచ్చుచుండెననియు చెప్పినది. మన కృష్ణాతీరపు సన్నని బట్టలను ప్రశంసించిన గ్రంథమును ఇదియే. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో 1945లో మోర్టిమర్ వీలరు త్రవ్వించినప్పుడు, అట్టి ఆసవమును తెచ్చిన రోమను జాడీల పెంకులు బయల్పడినవి. కృష్ణదేవరాయల కాలమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అక్కడ పణమునకు మూడు ద్రాక్షగుత్తులు అమ్ముచుండిరని వ్రాసెను. అనగా దక్కను పీఠభూమిపై ద్రాక్షపండు నిన్న మొన్న వచ్చినది కాదు.

వగరునకు గల గౌరవము

రుచులు ఆరు అని మన పెద్దలు చెప్పిరి: తీపి, పులుపు, ఉప్పు, కారము, చేదు, వగరు. ఉగాది పచ్చడి తిన్న ప్రతి బాలునికిని ఇవి తెలియును. పాశ్చాత్య శాస్త్రజ్ఞులు చాలకాలము తీపి, పులుపు, ఉప్పు, చేదు అను నాలుగింటినే రుచులుగా అంగీకరించిరి. 1908లో జపాను రసాయనజ్ఞుడు కికునే ఇకెడా సముద్రపు నాచు పులుసునుండి ఉమామి అను ఐదవ రుచిని వేరుచేసి చూపెను. కారము, వగరు నేటికిని ఆ పట్టికలో లేవు. ఏలయనగా కారము ఒక విధమైన మంట. వగరు స్పర్శకు సంబంధించినది. నేరేడుపండు గాని, వక్క గాని, పచ్చి అరటికాయ గాని నమిలినప్పుడు నోరు పిడచకట్టినట్లగును. ఆ పదార్థములలోని టానినులు లాలాజలములోని మాంసకృత్తులను పట్టి ముద్దకట్టించును. నోటి తడిజారుడు తగ్గి, నాలుక అంగిలిపై ఒరసికొనును. ఇదే వగరు.

ఎఱ్ఱ ద్రాక్షాసవమునకు ప్రాణము ఈ వగరే. ద్రాక్షతొక్కనుండి, గింజలనుండి టానినులు రసములోనికి దిగును. కాలము గడచిన కొలది అవి ఒకదానితో నొకటి కూడి, రూపము మారి, కరకుదనము తగ్గి మెత్తబడును. సీసాలను ఏండ్ల తరబడి నిలువ ఉంచుటకు గల కారణములలో ఇది యొకటి. కషాయమును ఆరవ రసముగా గుర్తించిన మన భాషలో ఈ గుణమును చెప్పుటకు మాటల కరువు లేదు.

ఇక పులుపు మాట. ద్రాక్షకు ప్రత్యేకమైన ఆమ్లము టార్టారిక్ ఆమ్లము. ఆసవపు పీపాల లోపల పెచ్చుగా కట్టు పదార్థమునుండి 1769లో స్వీడను రసాయనజ్ఞుడు షీలే దీనిని వేరుచేసెను. పండ్లలో ఈ ఆమ్లము సమృద్ధిగా గలవి చాల తక్కువ. వానిలో మన చింతపండు ముఖ్యమైనది. రామకుప్పపు ఇల్లాలు పులుసులో పిండు రసమునందును, ఫ్రాన్సు దేశపు పీపాయందును ఉన్నది ఒకే ఆమ్లము. 1848లో లూయీ పాశ్చరు ఈ జాతి ఆమ్లపు లవణ స్ఫటికములను సూక్ష్మదర్శిని క్రింద చూచి, కుడిచేయి ఎడమచేయి వలె అద్దపు ప్రతిబింబములుగా ఉన్న రెండు రకములను చేతితోనే ఏరి వేరుచేసెను. అణువులకు ఆకారము కలదను శాస్త్రము అందుండి పెరిగినది.

పాశ్చరు నేర్పిన పాఠము

పులియుట సూక్ష్మజీవుల పని యని నిరూపించిన పాశ్చరును, 1863లో ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియను ఆసవములకు కలుగు ‘తెగుళ్ళను’ పరిశోధింపుమని కోరెను. ఎగుమతియైన సరకు దారిలోనే పులిసిపోవుట, చేదెక్కుట, జిగురుకట్టుట వలన ఆ దేశమునకు గొప్ప నష్టము వాటిల్లుచుండెను. ఇందుకు కారణము వేరు జాతుల సూక్ష్మజీవులని పాశ్చరు కనుగొనెను. ఆసవమును 50, 60 సెంటిగ్రేడు డిగ్రీల మధ్య కొలది సేపు వెచ్చజేసినచో అవి నశించును. నేడు పాలకేంద్రములలో జరుగు పాశ్చరీకరణమునకు మూలమిదే.

కాని వర్తకులు సందేహించిరి. వెచ్చజేసినచో రుచి చెడునేమో యని వారి భయము. కావున అనుభవజ్ఞులైన పరీక్షకుల సంఘము ముందు వెచ్చజేసినదానిని, చేయనిదానిని ఉంచి తీర్పు కోరవలసివచ్చెను. పరీక్షకులు రెండింటికిని భేదములు చెప్పిరి. అప్పుడు పాశ్చరు ఒక ఉపాయము పన్నెను. ఒకే ఆసవమును రెండు గ్లాసులలో పోసి, వేరువేరు సరకులన్నట్లు వారికి ఇచ్చెను. వారు ఆ రెంటి నడుమను భేదములు కనిపెట్టిరి! భేదము ఉండునని ఎదురుచూచు మనస్సు, లేని భేదమును కల్పించుకొనునని దీనివలన తేలినది. తరువాత 1868లో జాన్‌బార్ అను నౌకలో, సగము వెచ్చజేసిన ఆసవమును, సగము చేయనిదానిని పది నెలలపాటు సముద్రముపై పంపి చూచిరి. వెచ్చజేసినది నిలిచెను, రెండవది చెడుదారి పట్టెను. రుచి పరీక్షకుని ప్రతిష్ఠ ఎంత గొప్పదైనను, అతనికి తెలియకుండ గ్లాసులను మార్చి చూడవలెనను నియమమునకు ఇట్లు బీజము పడినది.

చూచుట, వాసన పట్టుట, పుక్కిలించుట

నిపుణులు చేయు ప్రతి పనికిని కారణము కలదు. గ్లాసు తులిప్ పూవు మొగ్గవలె అడుగున వెడల్పుగా, పైన సన్నముగా ఉండవలెను. 1977లో అంతర్జాతీయ ప్రమాణ సంస్థ ఇట్టి గ్లాసునకు కొలతలు నిర్ణయించినది. దానిలో పట్టునది సుమారు 215 మిల్లీలీటర్లు. పోయునది 50 మాత్రమే. మిగిలిన చోటు వాసనల కొరకు విడువబడినది. గ్లాసు త్రిప్పినప్పుడు ద్రవము గోడలకు అంటి, ఆవిరియగు వైశాల్యము పెరిగి, సుగంధములు పైకి లేచును.

త్రిప్పిన పిమ్మట గ్లాసు గోడలపై చారలు కట్టి కన్నీరువలె జారును. వీనిని చూచి సరకు శ్రేష్ఠమైనదని మురియువారు కలరు. 1855లో జేమ్స్ థామ్సను దీని కారణమును వివరించెను. పలుచని పొరలో ఆల్కహాలు త్వరగా ఆవిరియై పోవును. మిగిలిన నీటికి తలతన్యత ఎక్కువ కాగా, అది క్రిందినుండి మరికొంత ద్రవమును పైకి లాగును. బరువెక్కిన పొర బొట్లుగా జారును. కావున చారలు చెప్పునది ఆల్కహాలు పాలు మాత్రమే, మేలిమి కాదు.

తరువాతిది వాసన. మనము రుచి యనుకొనుదానిలో పెద్దభాగము నిజమునకు వాసనయే. దీనిని ఏ యింటనైనను పరీక్షింపవచ్చును. కన్నులు మూసి, ముక్కు గట్టిగా పట్టుకొని, ఒకరు నోటిలో పెట్టిన యాలకగింజను నమిలి చూడుడు. కొంచెము చేదు, ఘాటు తప్ప మరేమియు తెలియదు. ముక్కు విడిచిన మరుక్షణమున యాలక పరిమళము గుప్పుమనును. నోటి వెనుక ద్వారముగా ఆవిరి ముక్కునకు చేరుటయే ఇందుకు కారణము. జలుబు చేసినప్పుడు అన్నము చప్పగా ఉండుటయు ఇందువలననే. వాసనను గ్రహించు గ్రాహకముల జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో కనుగొని, 2004లో నోబెల్ బహుమానము పొందిరి. మనిషికి ఇట్టి గ్రాహకములు సుమారు 400 రకములు కలవు.

ఆసవములో మిరియపు వాసన, అరటిపండు వాసన కలవని నిపుణులు చెప్పినప్పుడు కొందరు నవ్వుదురు. నవ్వవలసిన పని లేదు. కొన్ని షిరాజ్ ఆసవములలోని మిరియపు వాసనకు కారణమగు రొటండోను అను పదార్థమే మిరియాలలోను ఉన్నదని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించిరి. అరటిపండు వాసన నిచ్చు ఐసో అమైల్ ఎసిటేటును పులియు సమయమున ఈస్టే తయారుచేయును. బెంగుళూరు బ్లూ వంటి అమెరికా సంకర జాతులకు ప్రత్యేకమైన ఘాటైన పరిమళమునందు పాలుగల మిథైల్ ఆంత్రనిలేటు మల్లెపూవులలోను కలదు. ఇట్టి వాసనలకు అందరును ఒకే పేరు వాడుటకై కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో ఆన్ నోబుల్ 1984లో సువాసనల చక్రపటమును రూపొందించెను.

చివరగా పుక్కిలించుట. నాలుక కొనకు తీపి, వెనుకకు చేదు అని గీసిన పటములు కొన్ని పాఠ్యపుస్తకములలో ఇంకను కనబడును. ఇవి 1901 నాటి ఒక జర్మను పరిశోధనను తప్పుగా అర్థము చేసికొనుట వలన పుట్టినవి. నాలుక అంచులు, కొన, వెనుక భాగము అన్ని రుచులను తెలిసికొనగలవు. పుక్కిలించుట రసమును వెచ్చజేసి వాసనలను ముక్కు వెనుకకు పంపుటకును, వగరును నోరంతట తెలిసికొనుటకును మాత్రమే. పరీక్షకుడు ఒక పూటలో పదుల కొలది గ్లాసులు చూడవలసియుండును గనుక ఉమిసివేయుట తప్పనిసరి. మత్తెక్కిన నాలుక సాక్ష్యమునకు పనికిరాదు.

నాలుకకే పరీక్ష

ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమున ఒక స్త్రీ, కప్పులో ముందు పోసినది పాలో తేనీరో రుచిచూచి చెప్పగలనని అనెను. గణాంకవేత్త రొనాల్డ్ ఫిషరు దీనిని ఆధారముగా గైకొని, 1935లో వెలువరించిన తన గ్రంథములో ప్రయోగము నడుపవలసిన విధమును వివరించెను. ఎనిమిది కప్పులలో నాలుగు ఒక రకము, నాలుగు మరియొక రకము. ఊహతో అన్నియు సరిగా చెప్పుటకు 70లో ఒక్క అవకాశమే కలదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన తెలుగువాడు సి. ఆర్. రావు కేంబ్రిడ్జిలో ఈ ఫిషరు వద్దనే పరిశోధన చేసి, 1948లో డాక్టరు పట్టము పొంది, ప్రపంచ ప్రసిద్ధ గణాంకవేత్త యయ్యెను.

ఈ పద్ధతిలోనిదే త్రికోణ పరీక్ష. 1940 ప్రాంతములలో డెన్మార్కులోని కార్ల్స్‌బర్గ్ బీరు పరిశ్రమలో ఇది రూపొందినది. మూడు గ్లాసులు ఇత్తురు. రెండింట ఒకే పదార్థము, మూడవది వేరు. వేరైనదానిని గుర్తింపవలెను. పన్నెండుగురు పరీక్షించినచో, ఏమియు తెలియకున్నను సగటున నలుగురు సరిగా చెప్పుదురు. కనీసము ఎనిమిదిమంది సరిగా చెప్పిననే భేదము కలదని నిశ్చయింతురు. పేరును బట్టిగాని, ధరను బట్టిగాని, వయస్సును బట్టిగాని ఇచట గౌరవము లేదు.

ఇట్లు సీసాల పేర్లు కప్పి పరీక్షించినప్పుడు కొన్ని గర్వములు అణగినవి. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ జరిపిన పోటీలో, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే తమకు తెలియకుండ కాలిఫోర్నియా ఆసవములకు, ఎఱుపులోను తెలుపులోను, ప్రథమ స్థానము లిచ్చిరి. 2001లో బోర్డో పరిశోధకులు తెల్ల ఆసవమునకు వాసనలేని ఎఱ్ఱరంగు కలిపి 54 మంది విద్యార్థుల కీయగా, వారు ఎఱ్ఱ ఆసవమునకు చెప్పు మాటలతో దానిని వర్ణించిరి. కన్ను ముక్కును మోసగించినది. 2008లో రాబర్ట్ హాడ్జ్‌సన్ ప్రకటించిన పరిశోధన ప్రకారము, కాలిఫోర్నియా పోటీలో ఒకే సీసానుండి మూడుసార్లు పోసి ఇచ్చినప్పుడు, నిలకడగా ఒకే శ్రేణి మార్కులు వేసిన నిర్ణేతలు నూటికి పదిమంది మాత్రమే.

ఇంతమాత్రమున రుచి పరీక్ష వట్టిదని అనరాదు. త్రాసు కూడ గాలి వీచినప్పుడు ఊగును. దానిని అద్దపు పెట్టెలో ఉంచి వాడుదుము గాని పారవేయము. నాలుకకు అద్దపు పెట్టె ఈ గుప్త పరీక్షలే.

నాలుక ఎరుగని విషములు

అద్దపు పెట్టెలో ఉంచినను నాలుక చెప్పజాలనివి కొన్ని కలవు. కథలో విషాదభాగము ఇదియే. రోమనులు ద్రాక్షరసమును సీసపు పాత్రలలో కాచి చిక్కబరచి, ఆసవములకు తీపి కలిగించుచుండిరి. సీసపు లవణము తియ్యగా ఉండును. పరీక్షకుని నాలుక దానిని మెచ్చుకొనును. శరీరము మాత్రము కడుపునొప్పితో, పక్షవాతముతో మూల్యము చెల్లించును. పదునేడవ శతాబ్దము చివర జర్మనీలోని ఉల్మ్ పట్టణ వైద్యుడు ఎబర్హార్డ్ గోకెల్, మఠవాసులకు వచ్చిన తీవ్రమైన కడుపునొప్పికి కారణము ఆసవములో కలిపిన సీసపు సమ్మేళనమని కనిపెట్టెను. 1985లో ఆస్ట్రియా ఆసవములలో డైఇథిలీన్ గ్లైకాల్ కలిపిన మోసము బయటపడెను. ఈ పదార్థము తీపిని, చిక్కదనమును ఇచ్చును, మూత్రపిండములకు విషము. దానిని పట్టినది రసాయన పరిశోధనాలయము.

ఈ పాఠము మన సీమకు దూరమైనది కాదు. మద్రాసు రాష్ట్రమున 1937లో సేలము జిల్లాలో ప్రారంభించిన మద్యనిషేధమును 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించిరి. తరువాత 1990ల మొదట నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలతో రగిలిన సారా వ్యతిరేకోద్యమ ఫలితముగా, 1995లో ఆంధ్రప్రదేశములో సంపూర్ణ నిషేధము వచ్చి, 1997లో సడలెను. చాటుమాటుగా అమ్ముడుపోవు సారాయిలో మిథైల్ ఆల్కహాలు కలిసినచో, వాసనను గాని రుచిని గాని బట్టి దానిని వేరుగా గుర్తించుట అసాధ్యము. అది శరీరములో ఫార్మిక్ ఆమ్లముగా మారి మొదట చూపును, పిదప ప్రాణమును హరించును. తెలంగాణమున కల్తీకల్లులో పట్టుబడిన క్లోరల్ హైడ్రేటు, అల్ప్రజోలము వంటి మందులును ఇట్టివే. ఏండ్ల అనుభవము గల త్రాగుబోతు నాలుకయు, పారిస్ నిపుణుని నాలుకయు ఈ విషయములో సమానమే.

కల్తీ లేని సరకు కూడ నిరపాయము కాదు. ఆల్కహాలు పానీయములను అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే క్యాన్సరు కారకముల మొదటి తరగతిలో చేర్చినది. ద్రాక్షాసవము గుండెకు మందు అను మాటను నమ్మి అలవాటు చేసికొనుట తగదు. రుచిని మెచ్చుకొనుట యొక విద్య. త్రాగుట వేరొక విషయము.

ఈ విద్యను నేర్చుటకు ద్రాక్షాసవమే అక్కరలేదు. చిత్తూరు జిల్లాలోని మామిడిగుజ్జు పరిశ్రమలలో తోతాపురి రసపు తీపిని బ్రిక్స్ డిగ్రీలలో కొలుతురు. ద్రాక్షతోటలో కోతకు ముందు పండురసమును కొలుచునదియు ఆ డిగ్రీలతోనే. ద్రాక్షరసము 24 బ్రిక్స్ ఉన్నచో ఆసవములో ఆల్కహాలు సుమారు 13, 14 వంతులగును. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకులోయ కాఫీకి వెల కట్టునప్పుడును పరీక్షకులు కప్పులలో పోసి, వాసన చూచి, చప్పరించి, ఉమిసియే తీర్పు చెప్పుదురు. గిరిజన రైతు రాబడి కొంత ఆ నాలుకలపై ఆధారపడియున్నది. కావున ఆ నాలుకకు శిక్షణ కావలెను. సరకు ఎవరిదో దానికి తెలియకుండవలెను. అది చెప్పజాలని చోట పరికరము మాట వినవలెను. నాలుక మంచి సాక్షి. అయినను ఏ న్యాయస్థానమున నైనను ఎంత మంచి సాక్షినైనను ప్రశ్నింపక విడువరు గదా!